కొండమీద వంటకు ఏ కత్తి?

మహేంద్రగిరికో దేవమాలికో గుడారాలతో బయల్దేరే మన పర్లాకిమిడి, రాయగడ కుర్రాళ్ల సంచుల్లో ఈమధ్య నల్లటి ‘సర్వైవల్’ కత్తులు కనిపిస్తున్నాయి. వీపు మందం ఐదారు మిల్లీమీటర్లు, దానిమీద రంపం పళ్లు. చూడ్డానికి భలే ఉంటుంది. క్యారెట్ మీద పెట్టి నొక్కితే మాత్రం ముక్క తెగదు, టప్పున పగులుతుంది.

తెంపేది అంచు. వెనకున్న మందం చేసేదల్లా ముక్కల్ని చెరో పక్కకు నెట్టడమే. అంచు వెడల్పు ఒక మైక్రాన్ అనుకుందాం, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అయిదు సెంటీమీటర్ల మేర కిలో బరువుతో నొక్కితే అక్కడ పడే ఒత్తిడి గాలి ఒత్తిడికి సుమారు రెండువేల రెట్లు. అంచు మొద్దుబారి 20 మైక్రాన్లయితే అది వంద రెట్లకు పడిపోతుంది. ఇక వీపు లావైతే, పక్కకు జరగలేని గట్టి దుంప అంచు చేరకముందే చీలిపోతుంది. అందుకే పది పన్నెండు సెంటీమీటర్ల బ్లేడు, రెండు మిల్లీమీటర్ల వీపు చాలు. బ్లేడు ఇనుము పిడి చివరిదాకా ఉండాలి. సగంలో ఆగిపోతే, పనసకాయ కోసేటప్పుడు పిడి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

ఉక్కు సంగతి కొంచెం తిరకాసు. సంతలో కమ్మరులు లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసే కత్తి దెబ్బకు బాగా తట్టుకుంటుంది. అందులో కార్బన్ 0.6 శాతం దాకా ఉంటుంది, క్రోమియం ఒక శాతం అటూఇటూ. తుప్పు ఆపాలంటే క్రోమియం కనీసం పదిన్నర శాతం కావాలి. అప్పుడే పైన కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, గీత పడినా గాలి తగిలి తనంతట తానే పూడుకుంటుంది. అది లేని కత్తితో అరటికాయ కోస్తే నల్లబడటం ఇంట్లో అందరూ చూసిందే. కాయలోని టానిన్లు ఇనుముతో కలిస్తే వచ్చే నలుపు అది. కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసుకున్న రోజుల్లో అక్షరాలకు నలుపు తెచ్చిందీ ఇదే.

మంచు, జల్లు తప్పని కొండమీదకు నేనైతే స్టెయిన్‌లెస్‌కే ఓటేస్తాను. అర శాతం కార్బన్, 15 శాతం క్రోమియం ఉన్న రకం, ఉక్కు గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో 55 నుంచి 57. అరవై దాటిన ఖరీదైన కత్తులు పదును ఎక్కువకాలం నిలుపుకుంటాయి, నిజమే. కానీ రాయి తగిలితే వాటి అంచు పెళుసుగా పెచ్చు ఊడుతుంది. మెత్తటి ఉక్కు అంచు వంగుతుంది, అంతే. వంగినదాన్ని సరిచేసుకోవచ్చు.

రాయి తగలకుండా ఉంటుందా? చెక్కపీట మరిచిపోయి బండమీదే ఉల్లిపాయ తరిగేవాళ్లే ఎక్కువ. తూర్పు కనుమల్లో ఎక్కడ చూసినా దొరికే ఖోండలైట్ రాయికి ఆ పేరు ఖోండు గిరిజనుల నుంచి వచ్చింది. అందులో క్వార్ట్జ్, గార్నెట్ అనే ఖనిజాలు ఉంటాయి. రెండూ కత్తి ఉక్కుకన్నా గట్టివి, గార్నెట్‌నైతే ఏకంగా ఉప్పుకాగితానికి వాడతారు. ఆ బండమీద రెండు ఉల్లిపాయలు తరిగేసరికే అంచు పోయినట్టే.

నిప్పు ఇంకా చెడ్డది. కత్తిని గట్టిపరిచాక పెళుసుతనం తగ్గడానికి సాధారణంగా 200 డిగ్రీల చుట్టుపక్కల మళ్లీ వేడిచేస్తారు. కణకణలాడే బొగ్గులు 600 డిగ్రీలు దాటి ఉంటాయి. వాటిని కత్తితో కదిపితే పలచని అంచే ముందు వేడెక్కి మెత్తబడుతుంది, ఇక ఎంత సానపట్టినా పదును నిలవదు. పిడి సంగతీ చూసుకోవాలి. మన పర్లాకిమిడి కొమ్ముపని అందానికి పేరున్నదే గానీ, కొమ్ము అంటే కెరటిన్, మన గోళ్లలో ఉండేదే. తడికి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. వంట కత్తికి ప్లాస్టిక్ పిడే మేలు.

పదును తగ్గితే పింగాణీ కప్పు బోర్లించండి. అడుగున మెరుగు లేని గరుకు వలయం ఉంటుంది, అది ఉక్కుకన్నా గట్టిది. కాస్త తడిపి, కత్తిని 20 డిగ్రీలు వాల్చి, రెండు వైపులా మార్చి మార్చి నెమ్మదిగా లాగితే రాత్రి కూరకు సరిపోయే పదును వస్తుంది. స్టీలు గ్లాసులే పట్టుకెళ్లేవాళ్లు చిన్న సానరాయి ఒకటి సంచిలో వేసుకోవాలి.