‘ఊరక రారు మహాత్ములు’ వెటకారమా? సామెతల మీద కొన్ని అపోహలు

సామెతలు ఎక్కడ పుట్టాయో వెతకడం నా పని. ఎక్కువగా వినే అపోహలివి.

అపోహ: ‘ఊరక రారు మహాత్ములు’ ఎవరో ఎకసెక్కానికి పుట్టించిన మాట.

వాస్తవం: ఇది పోతన భాగవతం దశమ స్కంధంలోది. గర్గముని ఇంటికొస్తే నందుడు లేచి, చేతులు జోడించి, నిండు భక్తితో అన్న మాట.

ఊరక రారు మహాత్ములు
వా రధముల యిండ్లకడకు వచ్చుట లెల్లం
గారణము మంగళములకు
నీ రాక శుభంబు మాకు నిజము మహాత్మా!

ప్రతి పాదంలో రెండో అక్షరం చూడండి, అంతటా రకారమే. కందానికి ప్రాస తప్పనిసరి కదా. ఇప్పుడేమో ఆర్నెల్లుగా ఫోనెత్తని బావగారు స్వీటు డబ్బాతో గుమ్మంలో కనబడితే, వంటింట్లోంచి ఇదే మాట మెల్లగా వినబడుతుంది. ఒక్క అక్షరం మారలేదు, గొంతు మారిందంతే. మనవాళ్ల వెటకారంలో చాలా భాగం ఇలాంటిదే. కొత్త మాట కట్టే శ్రమ పడదు, పాతదాన్నే అనకూడని చోట అంటుంది.

అపోహ: మకుటం ఉంటే వేమన పద్యమే.

వాస్తవం: ‘విశ్వదాభిరామ వినుర వేమ’ ఆటవెలది చివరి పాదం. పై మూడూ ఎవరైనా కట్టొచ్చు. హాస్టల్లో ఉండగా మెస్ సాంబారు మీద నేనూ ఒకటి కట్టాను. కొన్నేళ్లకు ఒకాయన ‘వేమన ఏనాడో చెప్పాడండీ’ అంటూ దాన్ని నాకే వినిపించాడు! బ్రౌన్ 1829లో అచ్చువేసినవి 693 పద్యాలు. తర్వాతి సంపుటాల్లో లెక్క వేలకు చేరింది.

అపోహ: జీలకర్ర పడవలవాళ్లు కొమ్మూదడం వల్లే ‘సింగినాదం జీలకర్ర’ వచ్చింది.

వాస్తవం: సగం నమ్మొచ్చు. శృంగారం సింగారమైనట్టే శృంగనాదం, అంటే కొమ్ముబూర మోత, సింగినాదమైంది. పడవల కథే ఒక్కొక్కరి నోట ఒక్కోలా ఉంటుంది. ఒకరు బేరగాళ్లంటారు, ఇంకొకరు దొంగలంటారు. కథ ఎంత చక్కగా అతికితే నాకంత అనుమానం.

అపోహ: ప్రతి చమత్కారానికీ ఒక కర్త ఉంటాడు, వెతికితే దొరుకుతాడు.

వాస్తవం: ‘నా పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట.’ అన్నదెవరు? ఆ ‘ట’ దగ్గరే దారి మూసుకుపోతుంది. ఫలానా సినిమా రచయిత సొంత మాట అని ఎవరైనా పందెం కాస్తే, కెప్టెన్ కార్ 1868లో అచ్చువేసిన సామెతల పుస్తకం ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ తిరగేస్తాను. అందులో ఉంటే, సినిమా పుట్టకముందే జనం నోట ఉందని తేలుతుంది. మొదట ఎవరన్నారన్నది మాత్రం ఆ పుస్తకమూ చెప్పదు.