ఏడాది దాటాక చెల్లని లైసెన్స్

పదిహేనేళ్లు కారు నడిపిన మనిషి ఉద్యోగం కోసం వేరే దేశం వెళ్లగానే మళ్లీ ఎల్ బోర్డు దగ్గరికి వచ్చేస్తాడు. అదే ఆఫీసులో పక్క కౌంటర్ దగ్గర ఇంకో దేశం మనిషి పాత కార్డు ఇచ్చి కొత్త కార్డు తీసుకుని వెళ్లిపోతాడు. పరీక్ష లేదు, టెన్షన్ లేదు. ఇద్దరిలో ఎవరు బాగా నడుపుతారో ఎవరూ చూడలేదు. ఈ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే 1909 దాకా వెళ్లాలి.

కారు అప్పటికి డబ్బున్నవాళ్ల సరదా. లైసెన్స్ అంటే ఒక్కో దేశంలో ఒక్కో అర్థం. ఫ్రాన్స్‌లో 1899 నుంచే యోగ్యతా పత్రం లేనిదే బండి తీయకూడదు. బ్రిటన్‌లో 1904 నుంచి లైసెన్స్ తప్పనిసరే గానీ డబ్బు కడితే చాలు, ఇచ్చేసేవాళ్లు. పరీక్ష పాసవ్వాలన్న నిబంధన 1935లో గానీ రాలేదు. ఇలాంటి కాగితాలతో సరిహద్దు దాటితే అవతలి పోలీసు దేన్ని నమ్మాలి? ఆ చిక్కు తీర్చడానికి 1909 అక్టోబర్‌లో పారిస్‌లో ఒక ఒప్పందం చేసుకున్నారు. బండికీ నడిపేవాడికీ కలిపి ఒక అంతర్జాతీయ సర్టిఫికెట్ పెట్టారు. 1926లో, మళ్లీ పారిస్‌లోనే, దాన్ని రెండుగా విడదీసి నడిపేవాడికి విడిగా పర్మిట్ ఇచ్చారు. ఇప్పుడు అందరూ ఐడీపీ (ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్) అంటున్నది అక్కడ పుట్టిందే.

ఆ తర్వాత 1949లో జెనీవా, 1968లో వియన్నా ఒప్పందాలు వచ్చాయి. జెనీవా పర్మిట్ ఏడాది చెల్లుతుంది, వియన్నా పర్మిట్ గరిష్ఠంగా మూడేళ్లు. నిజానికి ఐడీపీ అంటే సొంత దేశం లైసెన్స్‌కు అనువాదం, అంతే. ఆ లైసెన్స్ పక్కన లేకపోతే దానికి విలువ లేదు. పదేళ్లు చెల్లుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్మే 'అంతర్జాతీయ లైసెన్స్' ఏ ఒప్పందం కిందికీ రాదు.

అసలు మడతపేచీ వేరే చోట ఉంది. ఈ ఒప్పందాలన్నీ నాలుగు రోజులు తిరిగి వెళ్లిపోయే మనిషి కోసం రాసుకున్నవి. ఉండిపోయేవాడి ఊసు ఎక్కడైనా వచ్చిందంటే, అతణ్ని పక్కన పెట్టడానికే. వరసగా ఏడాదికి మించి దేశంలో ఉన్న డ్రైవర్‌కు ఈ వెసులుబాటు ఇవ్వక్కర్లేదంటుంది జెనీవా. నివాసం మార్చుకుని వచ్చినవాడి లైసెన్స్‌ను గుర్తించకపోయినా తప్పులేదని ఇంకాస్త సూటిగా చెబుతుంది వియన్నా. అక్కడితో అంతర్జాతీయ చట్టం చేతులు దులుపుకుంది. మిగతాదంతా ఏ దేశానికి ఆ దేశం రాసుకున్నదే.

కాస్త బుద్ధిగా ఆలోచించింది యూరప్, అదీ తనవాళ్ల వరకే. 1980 నాటి యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్) ఆదేశం ప్రకారం ఒక సభ్యదేశం నుంచి ఇంకో దానికి మకాం మార్చినవాళ్లు ఏడాదిలోపు లైసెన్స్ మార్పించుకోవాల్సి ఉండేది. జర్మనీలో ఉంటున్న ఒక గ్రీకు మహిళ ఆ పని చేయలేదు. గడువు దాటాక కారు నడుపుతూ దొరికితే, అసలు లైసెన్సే లేనట్టు లెక్కగట్టి క్రిమినల్ కేసు పెట్టారు. అది యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1996 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. కార్డు మార్చుకోమని అడిగే హక్కు జర్మనీకి ఉంది. అయితే ఆమెకు నడిపే హక్కు గ్రీకు లైసెన్స్‌తోనే వచ్చేసింది, కొత్త కార్డు దానికి రుజువు మాత్రమే, రుజువు తెచ్చుకోనందుకు జైలు దాకా వెళ్లే శిక్ష మరీ ఎక్కువ అన్నారు జడ్జీలు. ఈ విషయంలో ఇంత తేటగా చెప్పిన మాట నాకు ఇంకోటి కనబడలేదు. అదే ఏడాది జులై నుంచి సభ్యదేశాల మధ్య ఆ మార్పిడి నిబంధనే ఎత్తేశారు.

బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లకు మాత్రం జాబితాలే దిక్కు. జర్మనీలో నివాసం పెట్టిన ఆరు నెలల దాకా పాత లైసెన్స్ నడుస్తుంది, ఆపైన అది ఏ దేశానిదో చూస్తారు. జాబితాలో ఉంటే మార్పిడి, లేకపోతే రాత పరీక్షా రోడ్డు పరీక్షా రెండూ. అమెరికన్ల సంగతి మరీ వింత: కొన్ని రాష్ట్రాల వాళ్లకు ఏ పరీక్షా లేదు, ఇంకొన్ని రాష్ట్రాల వాళ్లు రాత పరీక్ష రాయాలి. నువ్వు మావాళ్లకు ఇస్తే నేను మీవాళ్లకు ఇస్తాను అన్న బేరం మీద కట్టిన జాబితాలు అలాగే ఉంటాయి.

కువైట్ ఇంకో దారి పట్టింది. లైసెన్స్ కావాల్సిన విదేశీయుడికి రెండేళ్ల నివాసం, డిగ్రీ, నెలకు 600 దినార్ల జీతం ఉండాలని షరతులు పెట్టింది. స్టీరింగ్‌కూ డిగ్రీకీ ఏం సంబంధమని అడగొచ్చు. రోడ్డు మీద కార్లు తగ్గించడమే అక్కడి లెక్క. సౌదీ అరేబియాలో దీనికి తిరగేసిన దృశ్యం కనబడుతుంది: మహిళలు కారు నడపకూడదన్న నిషేధం తొలగిస్తూ 2018 జూన్‌లో మొదటిసారి లైసెన్సులు ఇచ్చినప్పుడు, వాటిని అందుకున్న పదిమంది మహిళలూ విదేశాల్లో సంపాదించుకున్న లైసెన్సులను మార్పించుకున్నవాళ్లే.

అమెరికాలో లైసెన్సే గుర్తింపు కార్డు కావడంతో గొడవ వీసాల వైపు మళ్లింది. దేశంలో చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు చూపాలని కాలిఫోర్నియా 1993లోనే చట్టం చేసింది. 2003లో దాన్ని సడలించే బిల్లు మీద గవర్నర్ గ్రే డేవిస్ సంతకం చేశారు; మరుసటి నెలే రీకాల్ ఎన్నికలో (పదవీకాలం మధ్యలోనే దింపేయడానికి పెట్టే ఓటింగ్‌లో) ఆయన పదవి పోయింది, అమల్లోకి రాకముందే ఆ చట్టమూ పోయింది. పత్రాలు లేనివాళ్లకూ లైసెన్స్ ఇవ్వడం అక్కడ 2015లో గానీ మొదలవ్వలేదు. ఈలోగా 2001 సెప్టెంబర్ 11 దాడుల నేపథ్యంలో 2005లో, రాష్ట్రాలు ఇచ్చే లైసెన్సులకు దేశమంతటా కనీస ప్రమాణాలు పెడుతూ రియల్ ఐడీ చట్టం వచ్చింది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల కార్డు గడువు వాళ్లు ఉండటానికి ఇచ్చిన గడువుతో ముడిపడింది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పొడిగింపుకు సకాలంలో దరఖాస్తు పెడితే, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 పత్రంలోని తేదీ దాటినా 240 రోజుల దాకా ఉద్యోగం చేసుకోవచ్చు. లైసెన్స్ మాత్రం ఆ తేదీకే ముగుస్తుంది. రసీదు చూసి పొడిగించే రాష్ట్రం కాకపోతే ఆఫీసుకు వెళ్లొచ్చు గానీ కారు నడుపుకుంటూ వెళ్లకూడదు.

ఇక జపాన్. అది జెనీవా ఒప్పందంలో ఉంది, వియన్నా ఒప్పందంలో లేదు; అందుకే జర్మన్ డ్రైవర్ అక్కడ తన వియన్నా ఐడీపీ చూపినా లాభం లేదు, లైసెన్స్‌కు జపనీస్ అనువాదం ఉండాలి. చైనా ప్రధాన భూభాగం రెండింటికీ బయటే. అక్కడి లైసెన్స్‌తో ఐడీపీ రాదు. అయితే జపాన్‌లో విదేశీ లైసెన్స్ మార్పిడికి హోటల్ చిరునామా ఇచ్చినా సరిపోయేది, రాత పరీక్షలో పది ప్రశ్నలకు ఏడు చెబితే చాలు. చైనా నుంచి టూరిస్టులుగా వచ్చి జపాన్ లైసెన్స్ తీసుకుని, దాని మీద ఐడీపీ సంపాదించి ఇంకో దేశంలో కారు అద్దెకు తీసుకునేవాళ్లు తయారయ్యారు. 2025 అక్టోబర్ 1 నుంచి ఆ దారి మూసేశారు. ఇప్పుడు 50 ప్రశ్నలకు 45 సరిగ్గా చెప్పాలి. టూరిస్టులకు మార్పిడి లేదు, జపాన్‌లో నివాసం ఉన్నట్టు కాగితం చూపాల్సిందే.