కంటి పొడవు కొలతపై మళ్లీ వాదన: మలుపు ఎక్కడుంది?

శుక్లాల ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, కానీ దూరం మసకగానే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దవాళ్లను ఉచిత శిబిరాలకు తీసుకెళ్లిన ఇళ్లలో ఈ మాట మళ్లీ వినిపిస్తోంది. కంట్లో పెట్టే లెన్స్‌కు ఎంత పవర్ ఉండాలో తేల్చడానికి ఆపరేషన్‌కు ముందు కంటి పొడవు, అంటే ముందు నుంచి వెనక వరకూ దూరం, కొలుస్తారు. డబ్బు కట్టే చోట కంటిని తాకని మిషన్‌తో ఆ కొలత తీస్తున్నారు. శిబిరాల్లో మాత్రం చుక్కల మందు వేసి, పెన్నులాంటి ప్రోబ్‌ను కంటికి ఆనించి తీస్తున్నారు. మా అమ్మకో కొలత, వాళ్ల అమ్మకో కొలతా అన్నది వాళ్ల ప్రశ్న.

1949లో లండన్‌లో కంటి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ కంట్లో మొదటి లెన్స్ పెట్టిన కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి గొడవకు అసలు మలుపు 1999లో ఉంది. ఆ ఏడాది జైస్ కంపెనీ ఐఓఎల్ మాస్టర్ అనే మిషన్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫెర్చర్ 1980లలో చేసిన పరిశోధనే దానికి మూలం. 780 నానోమీటర్ల పరారుణ కాంతిని రెండు పాయలుగా చీల్చి కంట్లోకి పంపుతారు. కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) నుంచి, రెటీనా (కంటి వెనక తెర) వెనక పొర నుంచి తిరిగొచ్చిన కాంతి ఎక్కడ జత కలిసిందో చూసి, రెంటి మధ్య దూరం తేలుస్తారు. పేషెంట్ గడ్డం ఆనించి ఎదురుగా ఉన్న లైటును చూస్తే చాలు, కంటికి ఏదీ తగలదు.

అంతవరకూ ఆధారం శబ్ద తరంగాలతో కొలిచే ఏ-స్కాన్ అల్ట్రాసౌండే, శిబిరాల్లో వాడుతున్నదీ అదే. దాని ప్రోబ్ కార్నియాను కొద్దిగా నొక్కుతుంది. నొక్కితే కన్ను 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల వరకూ పొట్టిగా కనిపిస్తుంది. పెద్దవాళ్ల కన్ను సుమారు 23.5 మిల్లీమీటర్లు ఉంటుంది, అందులో ఇదెంత అనిపించవచ్చు. కానీ లెన్స్ పవర్ లెక్కగట్టే 1980 నాటి ఎస్ఆర్‌కే సూత్రం ప్రకారం పొడవులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే లెన్స్ పవర్ రెండున్నర మారిపోతుంది. 0.3 తప్పితే ముప్పావు పవర్ తేడా. కన్ను పొట్టిదని లెక్క వేస్తే ఎక్కువ పవర్ లెన్స్ పెడతారు, చూపు మైనస్ వైపు జరుగుతుంది. పలాసలో జీడిపప్పు ఒలిచే మనిషికి చేతిలో గింజ కనిపిస్తుంది, వచ్చే బస్సు బోర్డు కనిపించదు. ఆపరేషన్ బాగానే అయిందని డాక్టరు అన్నా, దూరం కనపడట్లేదని ఆమె అన్నా, ఆ రెండు మాటలూ నిజమే.

ఈ సమస్య శిబిరాల్లో మొదటినుంచీ లేదు. శుక్లం తీసేసి సోడాబుడ్డి అద్దాలిచ్చి పంపిన రోజుల్లో కంటి పొడవు ఎవరూ కొలవలేదు, కొలవాల్సిన పనీ లేదు. 1994లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో శుక్లాల నివారణ ప్రాజెక్టు మొదలైంది, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. 1992లో మదురైలోని ఆరోల్యాబ్ తక్కువ ధరకు లెన్స్‌లు తయారుచేయడం ప్రారంభించింది. అలా లెన్స్ పేదల కంటిదాకా వచ్చింది. ఖచ్చితంగా కొలిచే మిషన్ మాత్రం ఖరీదు వల్ల వెనకబడింది.

శిబిరాల వాళ్ల వాదనలోనూ ఒక నిజముంది. బాగా ముదిరిన తెల్ల శుక్లంలోంచి కాంతి వెళ్లదు, కొత్త మిషన్ చేతులెత్తేస్తుంది, అప్పుడు అల్ట్రాసౌండే దిక్కు. మన పల్లెల్లో చాలామంది అంత ముదిరాకే వస్తారు. 2010ల మధ్యలో వచ్చిన స్వెప్ట్ సోర్స్ అనే రకం కాంతి మిషన్లు ఇంకా పొడవైన కాంతి తరంగాలు వాడి చాలా ముదురు శుక్లాలను దాటుతున్నాయి, అన్నిటినీ కాదు.

అయితే అల్ట్రాసౌండ్ అంటే నొక్కడమే కానక్కర్లేదు. పేషెంట్‌ను పడుకోబెట్టి, కంటి మీద చిన్న కప్పు పెట్టి, సెలైన్ (ఉప్పు నీటి ద్రావణం) నింపి, ప్రోబ్‌ను అందులోనే ఉంచి కొలిచే ఇమ్మర్షన్ పద్ధతి ఉంది. కార్నియాకు ప్రోబ్ తగలదు, ఫలితం కాంతి కొలతకు చాలా దగ్గరగా వస్తుంది. కప్పు ఖరీదైంది కాదు, ఒక్కో మనిషికి ఇంకాస్త సమయం పడుతుంది. రోజుకు ఇన్ని ఆపరేషన్లని లెక్క పెట్టుకున్న శిబిరంలో ఆ కాస్త సమయం ఎవరిస్తారన్న దగ్గరే వాదన ఆగి ఉంది. ఈలోగా కుటుంబాలు కోరుతున్నది చిన్నదే. ఏ పద్ధతిలో కొలిచారో, కంటి పొడవు ఎంత వచ్చిందో, ఏ పవర్ లెన్స్ పెట్టారో డిశ్చార్జ్ కాగితం మీద రాసి ఇవ్వమంటున్నారు.