ఆ ఇత్తడి గొట్టంలో ఇంకా ఏదో కదులుతోంది: సైనిక వాహనాల పాత అగ్నిమాపక సాధనాలపై అపోహలు - వాస్తవాలు

పాత సైనిక జీపులు బాగుచేసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంజిను గురించి, రంగు గురించి, బానెట్ మీది అంకెల గురించి నెలల తరబడి వాదిస్తారు. డ్రైవరు ఎడమ కాలి పక్కన బిగించి ఉండే ఇత్తడి గొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘చింతపండు పెట్టి తోమించండి, చాలు’ అంటారు. నా పేచీ అంతా అక్కడే.

ఆ గొట్టం చేతి పంపుతో పనిచేసే అగ్నిమాపక సాధనం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్, ఫోర్డ్ జీపులలో అమర్చినది ఇదే. దీన్ని ప్రపంచమంతా తిప్పిన పేరు అమెరికాకు చెందిన పైరీన్ కంపెనీది. తర్వాత ఇంకొందరు కూడా తయారుచేశారు. జీపుకు పెట్టినది ఒక క్వార్టు పరిమాణం, అంటే లీటరుకు కొంచెం తక్కువ. లోపల ఉండేది కార్బన్ టెట్రాక్లోరైడ్. మా పనివాళ్ల నోట అది ‘సీటీసీ’.

అపోహ: ఎనభై ఏళ్లయింది, లోపలి మందు ఎప్పుడో ఆవిరైపోయి ఉంటుంది.

కొన్నింటిలో నిజంగానే పోతుంది. పంపు కడ్డీ చుట్టూ ఉండే వాషర్లు ఎండిపోతే కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది. ఎక్కడికి పోయిందన్నది వేరే ప్రశ్న: మూసి ఉన్న అలమరలోకో, మీరు పడుకునే గదిలోకో. మూత గట్టిగా ఉన్నవాటిలో మాత్రం ద్రవం అలాగే ఉంటుంది. ఒకసారి పాత సామాన్ల వీధిలో కొన్న గొట్టాన్ని ఖాళీదే అనుకుని షెడ్డులో తలుపులు వేసుకుని విప్పాను. ఎండాకాలం, ఫ్యాను కూడా లేదు. పావుగంటలో తల తిరిగింది, ఆ రాత్రంతా వాంతులు. డాక్టరు మొదట అడిగింది ‘మందు తాగుతారా?’ అని. ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. మద్యం అలవాటు ఉన్నవాళ్లలో ఈ ద్రవం కాలేయానికి చేసే హాని చాలా ఎక్కువ.

అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. మూత ముట్టుకోకుండా ముందు చేతిలో బరువు చూస్తాను. సీటీసీ నీటికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. నిండు క్వార్టులో ద్రవమే కిలోన్నర తూగుతుంది. తర్వాత నెమ్మదిగా వంచి చెవి దగ్గర పెట్టుకుంటాను. గలగలమంటే ఇక విప్పే పని నాది కాదు.

అపోహ: విషమైతే వాసనే చెప్పేస్తుంది.

తియ్యని, కొంచెం హాయిగా అనిపించే వాసన. అదే చిక్కు. పనిచేసే చోట గాలిలో దీనికి నిపుణులు పెట్టిన హద్దు పది లక్షల భాగాలకు 5. మన ముక్కుకు వాసన తగిలేసరికి ఆ హద్దు దాటిపోయి ఉంటుంది. దెబ్బ తగిలేది కాలేయానికి, మూత్రపిండాలకు. చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. చేతికి అంటితే గుడ్డతో తుడుచుకుని ఊరుకునే వ్యవహారం కాదు.

ఒకప్పుడు ఇదే ద్రవాన్ని మనుషుల పేగుల్లో పట్టే కొంకిపురుగులకు మందుగా తాగించారంటే నమ్ముతారా? 1921లో మారిస్ హాల్ అనే అమెరికన్ పశువైద్య శాస్త్రవేత్త ఆ చికిత్సను ముందుకు తెచ్చాడు, తన మీద కూడా ప్రయోగించుకున్నాడు. బట్టల డ్రైక్లీనింగులోనూ వాడారు. మా తాతల కాలంలో వాడినా ఏమీ కాలేదనే మాట ఇలాంటి చోట్లే పుడుతుంది.

అపోహ: నిప్పు ఆర్పడానికే చేసిన ద్రవం కదా, నిప్పు మీద చల్లితే భయమేమిటి?

అసలు భయం అక్కడే. సీటీసీ మంట మీద, ఎర్రగా కాలిన లోహం మీద పడినప్పుడు కొంత ఫాస్జీన్ తయారవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల మీద వదిలిన విషవాయువు అదే. పీల్చిన వెంటనే పెద్దగా తెలియకపోవచ్చు. గంటల తర్వాత, కొన్నిసార్లు మరునాటికి, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆరుబయట జీపు పక్కన నిలబడి గాలివాటం చూసుకుని చల్లేవాడికి ముప్పు తక్కువ. తలుపులన్నీ మూసిన ట్యాంకులో ఉన్నవాడి సంగతి వేరు. సోవియట్ టీ-34 ట్యాంకులోనూ టెట్రాక్లోరైడ్ సాధనమే ఉండేది. లోపల మంట ఆర్పాల్సి వస్తే సిబ్బంది ముందు గ్యాస్ మాస్కు తగిలించుకోవాలి. ట్యాంకు అంటుకుంటే ఎవరైనా ముందు బయటపడే మూతవైపు చూస్తారు. వీళ్లు మాస్కు వెతుక్కోవాలి.

మరో మాట. మండుతున్న మెగ్నీషియం మీద దీన్ని చల్లితే ఆరదు, విస్ఫోటంలా ఎగిసిపడుతుంది.

అపోహ: ఆనాటివాళ్లకు ఏమీ తెలియదు, అందుకే ఇలాంటిది పెట్టారు.

ఈ మాటకు నాకు కోపం వస్తుంది. వాళ్ల ఇబ్బంది చూడండి. పెట్రోలు మంటను నీళ్లతో ఆర్పబోతే పెట్రోలు నీటిమీద తేలుతూ ఇంకా పరుచుకుంటుంది. పైగా చలికి నీళ్లు గడ్డకడతాయి. సీటీసీ సుమారు మైనస్ 23 డిగ్రీల దాకా గడ్డకట్టదు, విద్యుత్తును ప్రసరింపజేయదు, ఆరిపోయాక మరక మిగల్చదు. ఆవిరి గాలికన్నా అయిదు రెట్లు బరువు కాబట్టి మంట మీద దుప్పటిలా కూర్చుంటుంది; మంటను నిలబెట్టే రసాయన గొలుసును కూడా తెంపుతుంది. అరచేతిలో పట్టే గొట్టంలో ఇన్ని గుణాలున్నది ఆ రోజుల్లో ఇంకొకటి దొరకలేదు. బేరంలో ఏమి వదులుకున్నారన్నది వేరే సంగతి.

అపోహ: పాతది కాబట్టి ఒత్తిడికి పేలిపోతుంది.

జీపు గొట్టంలో ఒత్తిడే లేదు. పిడి తిప్పి కొక్కెం విడిపించి, సైకిలు పంపులా లాగుతూ నొక్కాలి. లాగినప్పుడూ నొక్కినప్పుడూ ధార వస్తుంది. రెండు చేతులూ కావాలి, ధార నిలిచేది నిమిషం లోపే.

భయపడాల్సింది ట్యాంకుల నుంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకు. అమెరికన్ షెర్మన్ ట్యాంకు ఇంజిను గదికి 10 పౌన్లవి రెండు స్థిరంగా బిగించేవారు, చేతితో వాడే చిన్నవి వేరే. వీటిలో మామూలు ఎండకే 57 బార్లకు పైగా ఒత్తిడి. జీపు టైరులో ఉండేది రెండు, రెండున్నర. తుప్పు పట్టిన మెడ ఉన్న అలాంటి సిలిండర్ను ఒత్తిడి పరీక్ష లేకుండా ప్రదర్శనకు తెచ్చేవాళ్ల పక్కన నేను నిలబడను.

అపోహ: సీటీసీ తీసేసి నీళ్లు నింపుకుంటే సరి.

పెట్రోలుకు నీళ్లు పనికిరావని చెప్పుకున్నాం. దానికి తోడు, లోపల మిగిలిన సీటీసీకి తేమ తగిలితే ఆమ్లం పుట్టి పంపును లోపలినుంచే తినేస్తుంది. ఖాళీ చేయించి, ఆరబెట్టించి, ఖాళీగానే ఉంచండి.

అపోహ: మెరిసే ఇత్తడే అసలు రూపం.

యుద్ధంలో మెరిసేది ఏదైనా శత్రువుకు ఆనవాలే. సైన్యానికి చేసినవాటిలో చాలావాటికి వాహనం రంగే వేశారు. రంగు గీకించి మెరిపించడమంటే చరిత్రను తోమేయడమే.

అపోహ: తర్వాత వచ్చిన మంటలార్పే వాయువు హాలాన్ కూడా ఇలాంటి విషమే కాబట్టి నిషేధించారు.

కాదు. హాలాన్ 1301ను ట్యాంకుల్లో సిబ్బంది కూర్చునే చోటే వాడారు. మంటను సెకనులో చిన్న భాగంలో పసిగట్టి దానంతట అదే విడుదలయ్యే ఏర్పాటుతో. దాన్ని పక్కనపెట్టింది ఓజోను పొర కోసం, 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద. అదే ఒప్పందం సీటీసీకీ వర్తించింది. అభివృద్ధి చెందుతున్న దేశాలకు రెండింటి గడువూ 2010. కాబట్టి ‘మళ్లీ సీటీసీ ఎక్కడ నింపుతారు?’ అని ఫోను చేసేవాళ్లకు జవాబు: ఎక్కడా నింపరు.

ఇక ద్రవం ఉన్న గొట్టం చేతికొస్తే కాలువలో పోయకండి. నీటికన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి భూగర్భ జలాల్లో కూర్చుంటుంది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడిగితే ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఎక్కడుందో చెబుతారు. పని నెమ్మదిగా సాగుతుంది, కాగితాలు ఎక్కువ. నా జీపులో పాత గొట్టం ఖాళీగా దాని స్థానంలోనే ఉంది. ఐఎస్ఐ ముద్ర ఉన్న రెండు కిలోల పొడి సిలిండర్ సీటు పక్కన, దిగుతూ చేయి చాస్తే అందేచోట. షెడ్డు వెనక చెట్టు కింద ఇనుప పెట్టెలో ఇంకా రెండు నిండు గొట్టాలు వంతు కోసం ఉన్నాయి, మెడకు ఎర్రగుడ్డ కట్టి.