కొత్త చారిత్రక నవల ఎవరి చేతిలో పెట్టాలి? కొన్ని అపోహలు, వాస్తవాలు

గ్రంథాలయంలో కౌంటర్ దగ్గరైనా, పుస్తక ప్రదర్శనలో స్టాలు ముందైనా తరచూ వినపడే మాట: "చారిత్రక నవల కొత్తదేమైనా ఉంటే ఇవ్వండి." తొందరపడి చేతికందింది ఇస్తే ఆ పుస్తకం నలభయ్యో పేజీలో ఆగిపోతుంది. ఆగింది ఒక్క పుస్తకమే అయితే ఫరవాలేదు. చారిత్రక నవలలే తనకు పడవని ఆ పాఠకుడు తీర్మానించుకోవడమే అసలు నష్టం.

అపోహ: ఏ రాజుల కాలం నచ్చిందో తెలిస్తే, అదే కాలం మీద ఇంకో నవల ఇవ్వొచ్చు.

ఎక్కువ పుస్తకాలు తిరిగొచ్చేది ఈ పొరపాటు వల్లే. కాకతీయుల కాలం మీద రాసిన 'గోన గన్నారెడ్డి' నవల నచ్చిందని ఇద్దరు చెప్తారు. ఒకరిని పట్టి ఉంచింది గజదొంగ వేషంలో తిరిగే వీరుడి సాహసం. ఇంకొకరికి నచ్చింది ఒక స్త్రీ సింహాసనాన్ని నిలబెట్టుకున్న తీరు. మొదటివారికి కాకతీయులే కావాలని లేదు. గుర్రాల పరుగు, తెగల పగలు నిండిన 'చెంఘిజ్ ఖాన్' ఇచ్చినా ఆపకుండా చదువుతారు. రెండోవారికి అది పనికిరాదు. వాళ్ళకు ఏ దేశం కథైనా సరే, కొలువులో ఎత్తులు, పైఎత్తులు ఉండాలి.

అందుకే కాలం సంగతి చివర అడగాలి. ముందు అడగాల్సినవి మూడు. ఈమధ్య పూర్తిగా చదివిన నవల ఏది, అందులో ఇప్పటికీ గుర్తున్న ఘట్టం ఏది? మధ్యలో వదిలేసింది ఏది, ఎక్కడ వదిలేశారు? రోజులో ఎప్పుడు, ఎంతసేపు చదువుతారు? రెండో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా పనికొస్తుంది. "వంశవృక్షం దగ్గరే ఆగిపోయాను" అన్నవారికి మొదటి యాభై పేజీల్లో ఆరేడుగురికి మించి పాత్రలు రాని నవల వెతకాలి. "వర్ణనలు ఎక్కువ" అన్నవారికి సంభాషణతో మొదలయ్యేది. బస్సులో ఇరవై నిమిషాలు చదివేవారికి చిన్న అధ్యాయాలున్నది.

అపోహ: చారిత్రక నవలంటే రాజులు, కోటలు, యుద్ధాలు.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' 18వ శతాబ్దపు అనంతపురం సీమను, హండే పాలకుల నాటి పల్లె బతుకులను చూపిస్తుంది. 2019లో దానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కోట లోపలి కథ మాత్రమే చరిత్ర అనుకునేవారికి ముందుగా ఇవ్వాల్సిన పుస్తకం ఇదే. అయితే కులం, హింస కళ్ళెదుట నిలిపే నవల అని ఇచ్చేటప్పుడే చెప్పాలి. చెప్పకుండా ఇస్తే రాజుల కథ అనుకుని తీసుకెళ్ళినవారు నొచ్చుకుంటారు, అది పుస్తకం తప్పు కాదు.

ఎంత పాతదైతే చరిత్ర? బ్రిటన్‌లో చారిత్రక నవలలకిచ్చే వాల్టర్ స్కాట్ పురస్కారానికి ఒక నియమముంది: కథలో ఎక్కువ భాగం కనీసం 60 ఏళ్ళ కిందట జరిగి ఉండాలి. ఆ కొలతతో చూస్తే 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం మీద ఇవాళ రాసిన నవల చారిత్రక నవలే. 1922 నాటి 'మాలపల్లి' మాత్రం కాదు. అది తన కాలం గురించి తానే రాసుకున్న నవల, మనకు పాతబడిందంతే. ఈ తేడా తెలియకుండా రెండింటినీ ఒకే అరలో పెడితే వెతుక్కునేవారు తికమకపడతారు.

అపోహ: కొత్తగా అచ్చయింది కాబట్టి చరిత్ర సరిగ్గానే ఉంటుంది.

అచ్చయిన ఏడాదికీ, చూపిన శ్రద్ధకూ సంబంధం లేదు. సిఫారసు చేసే ముందు అరగంట పరీక్ష చాలు. ముందు కథలోని వంటింట్లోకి వెళ్ళండి. మిరపకాయ అమెరికా ఖండాల పంట. 1492 తరవాతే అది సముద్రం దాటింది, పోర్చుగీసు ఓడలు దాన్ని మన తీరానికి చేర్చాయి. కాకతీయుల రాజధాని ఓరుగల్లు 1323లోనే పడిపోయింది. కాబట్టి కాకతీయుల వంటలో కారం మిరియాలది కావాలి. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, పొగాకు సంగతీ అంతే. తరవాత ప్రయాణాలు చూడండి. బరువు లాగే ఎడ్లబండి రోజుకు 20–25 కిలోమీటర్లు సాగితే గొప్ప. ఓరుగల్లు నుంచి మోటుపల్లి రేవు నేరుగా కొలిచినా 250 కిలోమీటర్ల పైమాటే. బిడారు మూడో రోజున రేవు చేరిందని రాస్తే రచయిత పటం చూడలేదని అర్థం.

తేదీల దగ్గర కాస్త ఓపిక అవసరం. రుద్రమదేవి పాలన 1295 దాకా సాగిందని చాలా పాత పుస్తకాల్లో ఉంటుంది. ఆమె 1289లోనే మరణించిందని చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. పాత నవలలో పాత తేదీ కనిపిస్తే అది రచయిత అశ్రద్ధ కాదు. ఇవాళ రాసిన నవలలో అదే తేదీ ఉండి, వెనక రచయిత మాటలో ఒక్క వివరణా లేకపోతే ఆలోచించాలి. ఏది చరిత్ర, ఏది కల్పన అని రచయిత స్వయంగా రెండు పేజీల్లో విప్పి చెప్పిన పుస్తకాన్ని నమ్మకంగా ముందుకు తోయవచ్చు. కల్పన ఉండటం దోషం కాదు, కల్పన లేకపోతే అది నవలే కాదు.

అపోహ: గ్రాంథికం ఉంటేనే పాతకాలపు వాసన వస్తుంది.

ఒక పేజీ సంభాషణ పైకి చదివి చూడండి. నాలుక తట్టుకోకుండా సాగితే చాలు. అర్థం అడగాల్సిన మాటలు పేజీకి ఐదు దాటితే ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారికి ఆ పుస్తకం వద్దు. ఆ భాషే రుచించేవారూ ఉన్నారు, వాళ్ళకోసం దాచండి. విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలకైతే ఆడియో ఉన్న నవల ముందు, అచ్చుపుస్తకం తరవాత.

అపోహ: లావు పుస్తకం చూస్తే పాఠకులు పారిపోతారు.

పారిపోయేది పేర్ల గందరగోళానికి. పాత్రల పేర్లు, చుట్టరికాలు రాసిన చీటీ ఒకటి పుస్తకంలో పెట్టి ఇస్తే 500 పేజీలైనా చదువుతారు. చీటీలో ఎవరు చనిపోతారో మాత్రం రాయకండి.

పుస్తకం పక్కన పెట్టే సిఫారసు కార్డుకు నాలుగు వాక్యాలు సరిపోతాయి: కాలం, చోటు, కథ ఎవరి కళ్ళతో నడుస్తుంది, భాష ఎలాంటిది, ముందే హెచ్చరించాల్సింది ఏమైనా ఉందా. "అద్భుతం", "తప్పక చదవాలి" లాంటి మాటలు ఎవరికీ దారి చూపవు. ఇంకొక పని, కార్డు రాసే ముందు ప్రతులు దొరుకుతున్నాయో కనుక్కోండి. మన నవలలు చాలా వరకు 500, 1000 ప్రతులే అచ్చవుతాయి. పదిమందికి చెప్పాక ఒక్క ప్రతీ దొరక్కపోతే ఆ పదిమంది మళ్ళీ అడగరు.