డిసెంబరు చలి, మిరియాల చారు, తెలిసిన కథ

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే మా ఇంట్లో కొన్ని పనులు ఎవరూ చెప్పకుండానే మొదలవుతాయి. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి చారు కాస్తాం. 1957 నాటి మాయాబజార్ మళ్లీ పెడతాం. చిన్నప్పుడు చదివిన, అట్టలు ఊడిపోయిన కథల పుస్తకాలు అటక మీంచి దిగుతాయి. కొత్తవాటికి కరువేమీ లేదు. అయినా ఏడాది చివర్లో మనసు పాతవాటి దగ్గరికే పోతుంది. ఎందుకని అడిగితే అలవాటు అనేసి ఊరుకుంటాం. ఆ అలవాటు లోపల చాలా సంగతులున్నాయి.

చారుతోనే మొదలుపెడతాను. వేడి చారు గొంతు దిగుతున్నప్పుడు మనకు తగిలేది రెండు రకాల వేడి. ఒకటి పొయ్యి ఇచ్చింది, రెండోది మిరియం ఇచ్చింది. మిరియానికి ఘాటు పైపెరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. దాన్ని మొదట వేరుచేసింది డెన్మార్క్ శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్. కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో లోకానికి చెప్పిన మనిషే ఈయన! మన నోట్లో, గొంతులో ఉన్న నరాల కొసల్లో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది మేలుకుంటుంది. పైపెరిన్ తగిలినా, మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా అలాగే మేలుకుంటుంది. మెదడుకు చేరే కబురు మాత్రం ఒకటే: వేడి. ఈ గ్రాహకాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. చారు గిన్నె చల్లారినా గొంతులో వెచ్చదనం కాసేపు నిలిచి ఉండేది అందుకే.

ఇక పోపు. ఇంగువలో గంధకపు సమ్మేళనాలుంటాయి. పచ్చిగా వాసన చూస్తే మొహం తిప్పుకుంటాం, కాగిన నేతిలో పడితే అదే ఇల్లంతా కమ్మగా అల్లుకుంటుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా వాసనదే. నమిలి మింగుతున్నప్పుడు ఆ ఆవిర్లు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతాయి. జలుబు చేసినప్పుడు అన్నీ చప్పగా తోచడానికి కారణం ఆ దారి మూసుకుపోవడమే.

వాసనకు మరో విశేషం ఉంది. చూపు, వినికిడి, స్పర్శ ముందుగా మెదడు మధ్యలోని థాలమస్‌ దగ్గర ఆగి, అక్కడి నుంచి మిగతా చోట్లకు వెళ్తాయి. వాసన అక్కడ ఆగదు. ఉద్వేగాలతో పనిచేసే అమిగ్డలాకు నేరుగా చేరుతుంది, జ్ఞాపకాలను కూర్చే హిప్పోక్యాంపస్‌ కూడా ఆ పక్కనే ఉంది. స్వీడన్‌లో వృద్ధుల మీద చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వాసనల వల్ల గుర్తొచ్చిన సంగతులు ఎక్కువగా వాళ్లకు పదేళ్లలోపు వయసున్నప్పటివని తేలింది. మాటలు చూపించి అడిగినప్పుడు గుర్తొచ్చినవి ఇంత పాతవి కావు. ఇంగువ వాసనకు నాకు ముందుగా మా అమ్మమ్మ కళాయి పూసిన ఇత్తడి గిన్నె కనిపిస్తుంది. చారు రుచి గుర్తొచ్చేది ఆ తర్వాతే.

అయితే ఇష్టమైన తిండి నిజంగా దిగులు తీరుస్తుందా? మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ట్రేసీ మాన్ బృందం ఇదే పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించింది. జనానికి మనసు పాడయ్యే వీడియోలు చూపించారు. తర్వాత కొందరికి వాళ్లే ఎంచుకున్న ఓదార్పు తిండి పెట్టారు, కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరూ ఒకేలా తేరుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

కానీ దీని పక్కన ఇంకో పరిశోధన పెట్టి చూడాలి. షైరా గాబ్రియెల్, జోర్డన్ ట్రోయిసీ 2011లో ప్రచురించిన అధ్యయనంలో చికెన్ సూప్ తాగిన వాళ్లందరిలోనూ ఒకే మార్పు రాలేదు. దాన్ని ఓదార్పు తిండిగా భావించే వాళ్లకే తాగాక బంధాలకు సంబంధించిన మాటలు చప్పున తట్టాయి. అంటే సూప్ వాళ్లకు మనుషుల్ని గుర్తుచేసింది. ఈ రెంటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇదీ: ఓదార్పు ఉన్నది ఆ చారు మనకు పోసిన చేతుల్లో. ప్రయోగశాలలో ఒక గిన్నె ముందు పెడితే ఆ చేతులు అక్కడ ఉండవు.

తెలిసిన సినిమా పని కూడా ఇంచుమించు ఇదే. కొత్త కథ చూస్తున్నంతసేపూ మెదడు తర్వాత ఏం జరుగుతుందోనని లెక్కలు వేస్తూనే ఉంటుంది. ఘటోత్కచుడు పెళ్లివంటలన్నీ ఒక్కడే ఆరగించేస్తాడని ముందే తెలిస్తే ఆ శ్రమ తప్పుతుంది, రంగారావు కనుబొమల మీద మనసు పెట్టొచ్చు. ముగింపు ముందే చెప్పేసిన కథల్ని పాఠకులు మరింత ఇష్టపడ్డారని కాలిఫోర్నియాలో 2011లో జరిగిన ఒక ప్రయోగం చెప్పింది. తర్వాతి ప్రయోగాలన్నీ దాన్ని బలపరచలేదు. అయినా పదోసారి చూసేవాళ్ల సంగతి వేరు. ఇష్టమైన టీవీ కార్యక్రమాన్ని తలుచుకున్నా ఒంటరితనం కాస్త తగ్గుతుందని గాబ్రియెల్ బృందమే 2009లో చూపించింది. తెర మీది మనుషులూ మనకు బాగా తెలిసినవాళ్లే కదా.

మరి ఇదంతా డిసెంబరులోనే ఎందుకు? కొంత సెలవుల వల్ల, కొంత ధనుర్మాసపు ప్రసాదాల వల్ల. కొంత చలి వల్ల కూడా. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో కొందరిని 20 డిగ్రీల గదిలో, కొందరిని 24, మిగతావాళ్లను 28 డిగ్రీల గదుల్లో కూర్చోబెట్టారు. పాత రోజుల మీద బెంగ ఎక్కువగా కలిగింది 20 డిగ్రీల గదిలో వాళ్లకు. అదే పరిశోధకుల మరో ప్రయోగంలో, పాత రోజుల్ని బెంగగా తలుచుకున్న వాళ్లకు, మామూలు సంగతులు తలుచుకున్న వాళ్లకంటే గది వెచ్చగా తోచింది.

ఇది రాస్తుండగానే పొయ్యి మీద చారు అంచుల్లో నురగ కడుతోంది. ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. తెర్లనిస్తే ఆ వాసనంతా ఆవిరితో పాటు కిటికీలోంచి పక్కింటికి వెళ్లిపోతుంది.