రికార్డు రాస్తే ప్రాక్టికల్స్ అయిపోయినట్టేనా? బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదువు మీద అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మావాడు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉంటాడు. పరీక్షలకు వచ్చి రాసేస్తాడు. ప్రాక్టికల్స్ సంగతి మీరే కాస్త చూసుకోండి."

దోస్త్ (తెలంగాణలో డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ కేటాయింపు) అడ్మిషన్లు మొదలయ్యాయంటే ఈ మాట వినని వారం ఉండదు. ఆ తండ్రి మీద నాకు కోపం రాదు. కొడుక్కి నీట్‌లో సీటు రాలేదన్న దిగులుతో నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆయనకు. కానీ డిగ్రీలో కెమిస్ట్రీ చెబుతున్న ఇన్నేళ్లలో పిల్లల్ని ఇంతగా దెబ్బతీసిన మాట ఇంకొకటి నేను చూడలేదు. అందుకే ముందు దీని గురించే రాస్తున్నాను.

అపోహ: ప్రాక్టికల్స్‌కు మార్కులు ఎలాగూ వేస్తారు, రికార్డు ఉంటే చాలు.

వాస్తవం: మార్కులు వేస్తారు, అది నిజమే. ఆ మార్కులు చూసి ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వరు.

మా దగ్గర చదివిన ఒక అబ్బాయి మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షించే) కెమిస్ట్ ఇంటర్వ్యూకి వెళ్లాడు. ప్రాక్టికల్స్‌లో 25కి 24 వచ్చినవాడు. 250 మిల్లీలీటర్ల 0.1 నార్మల్ (గాఢత కొలత) సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఎలా తయారు చేస్తావని అడిగారు. ఒక గ్రాము తూచి, కరిగించి, గుర్తు వరకు నీళ్లు పోస్తానన్నాడు. లెక్క సరిగ్గానే చెప్పాడు. "అయితే అది కచ్చితంగా 0.1 నార్మలేనా?" అని అడిగారు. "అవును సార్" అన్నాడు. ఇంటర్వ్యూ అక్కడితో ముగిసింది.

సోడియం హైడ్రాక్సైడ్ గుళికలు సీసా మూత తీసిన కాసేపటికే గాలిలో చెమ్మ పీల్చుకుని జిగటగా మారతాయి. కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటాయి. ఒక గ్రాము తూచామని మనం అనుకుంటాం కానీ అందులో నీళ్లెన్ని, కార్బొనేట్ ఎంత అన్నది ఎవరు చూశారు? అందుకే 1.575 గ్రాముల ఆక్జాలిక్ ఆమ్లం కచ్చితంగా తూచి 250 మిల్లీలీటర్లు చేసుకుని, రంగు మార్పు చూపే ఫినాల్ఫ్తలీన్ వేసి, దానితో టైట్రేట్ చేసి (కొలిచి కొద్దికొద్దిగా కలిపి) అసలు నార్మాలిటీ తేల్చాలి. ఆ గుళికలు వాచ్‌గ్లాస్‌కు అతుక్కుపోవడం ఒక్కసారి కళ్లారా చూసినవాళ్లు ఈ జవాబు జన్మలో మరిచిపోరు. ఆ రాత్రి వాడు ఫోన్ చేసి, "మేడమ్, ఇదంతా రికార్డులో రాశాను. ఎందుకు చేస్తారో మాత్రం నాకు తెలీదు" అన్నాడు. ఆ సెమిస్టర్‌లో వాడు ల్యాబ్‌కు వచ్చింది నాలుగు రోజులే. అప్పుడు గట్టిగా పట్టుబట్టకపోవడం నా తప్పు. ఇప్పుడు ఎవరు వచ్చి అడిగినా ఒప్పుకోవడం లేదు.

ఈ బాధ నాకు తెలుసు. నేను డిగ్రీ చదివిన కాలేజీలో గ్యాస్ లేదంటూ చాలాకాలం ల్యాబ్ తాళం తీయలేదు. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని, రీడింగులు అటూ ఇటూ మార్చి రాసుకున్నాం. ఎమ్మెస్సీలో చేరిన మొదటి వారం పర్మాంగనేట్ టైట్రేషన్ ఇచ్చారు. చల్లటి ఆక్జాలిక్ ఆమ్లంలోనే పర్మాంగనేట్ వదిలాను. మొదటి చుక్కకే గులాబీ రంగు వచ్చింది, ఎంతకీ పోలేదు. ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందని రంగు చెప్పే చోటు) వచ్చేసిందని చెప్పాను. ఫ్లాస్కును 60-70 డిగ్రీలకు వేడి చేయాలని, మొదటి చుక్కల రంగు నెమ్మదిగా పోతుందని, ఆ చర్యలో పుట్టిన మాంగనీస్ అయాన్లే ఉత్ప్రేరకంగా పనిచేసి తర్వాత వేగం పెంచుతాయని థియరీ పేపర్లో పేజీ నిండా రాసినదాన్ని. కళ్ల ముందు జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను. అంత ముదురు రంగు ద్రావణానికి బ్యూరెట్‌లో (కొలత గీతలున్న గాజు గొట్టంలో) పై అంచు చూసి రీడింగ్ తీయాలన్నదీ ఆ రోజే తెలిసింది.

జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, జీనోమ్ వ్యాలీ, మందుల కంపెనీలున్న చోటు ఎక్కడైనా సరే, కొత్తగా చేరే బీఎస్సీ వాళ్లకు హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) నడపడం కంపెనీవాళ్లే నేర్పుకుంటారు. తూకం సరిగ్గా వేయడం, పిపెట్ చివర మిగిలిన చుక్కను ఊదకుండా వదిలేయడం, రీడింగ్ తీసిన వెంటనే రాయడం, తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం పెట్టడం, ఇవి మాత్రం మన దగ్గర నుంచే తీసుకెళ్లాలి. రీడింగ్ కల్పించి రాయడం అక్కడ ఉద్యోగం పోయేంత తప్పు. డేటా ఇంటెగ్రిటీ (రాసిన లెక్కల నిజాయితీ) లోపాలంటూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కంపెనీలకే వార్నింగ్ లెటర్లు ఇస్తుంది. మూడేళ్లు కల్పించి రాసిన చేతికి ఆ అలవాటు రాత్రికి రాత్రే పోదు.

బోటనీ, జువాలజీలోనూ ఇంతే. ఉల్లి వేరు కొనను అసిటోకార్మిన్‌లో వేసి, కాస్త వేడి చేసి, కవర్‌స్లిప్ మీద బొటనవేలితో నొక్కి మైక్రోస్కోప్ కింద క్రోమోజోములు వెతుక్కున్న పిల్లకు సమవిభజన దశలు బట్టీ పట్టే పని ఉండదు.

మిగతా అపోహలకు ఇంత చెప్పనక్కర్లేదు.

నీట్ రానివాళ్లే బీఎస్సీలో చేరతారంటారు. హరగోవింద్ ఖొరానా చదివింది కెమిస్ట్రీ. 1943లో లాహోర్‌లోని పంజాబ్ యూనివర్సిటీ నుంచి బీఎస్సీ, 1945లో ఎమ్మెస్సీ. 1968లో నోబెల్ వచ్చింది వైద్యశాస్త్రంలో.

బైపీసీ వాళ్లకు మ్యాథ్స్ లేదు కాబట్టి కెమిస్ట్రీలో పీజీ రాదంటారు. మన రాష్ట్రాల యూనివర్సిటీల్లో బీజెడ్‌సీ నుంచి వచ్చి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తున్నవాళ్లు ఎందరో ఉన్నారు. జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి ఐఐటీలకు వెళ్లాలనుకుంటే మాత్రం, ఇంటర్‌లో మ్యాథ్స్ అడిగే కోర్సులు కొన్ని ఉంటాయి, అర్హతలు ముందే చూసుకోండి. లాగరిథమ్స్, గ్రాఫులు, కొంచెం డిఫరెన్సియేషన్ వస్తే కైనెటిక్స్ (రసాయన చర్యల వేగం పాఠం) దాటేయొచ్చు. సెలవుల్లో కూర్చుంటే వచ్చే పనే, టెన్షన్ పడకండి.

నాలుగేళ్లు చదవకపోతే డిగ్రీ చెల్లదన్నది ఉత్త పుకారు. మూడేళ్లకు డిగ్రీ వస్తుంది, దానితో రెండేళ్ల పీజీ చేయొచ్చు. నాలుగో ఏడు ఆనర్స్ కోసం. అందులో 75 శాతం వస్తే నేరుగా పీహెచ్‌డీకి అర్హత ఉంటుందని యూజీసీ 2022లో నిబంధన తెచ్చింది.

బయోటెక్నాలజీ అని పేరుంటే ఉద్యోగం ఖాయమని నమ్మి ఫీజులు కట్టకండి. బీఈడీ, డీఎస్సీ ఆలోచన ఉంటే మీ కాంబినేషన్‌కు అర్హత ఉందో లేదో నోటిఫికేషన్ తెరిచి చదవండి. పక్కింటివాళ్లను అడగొద్దు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు మీ అమ్మాయినో అబ్బాయినో వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లండి. ల్యాబ్ చూపించమని అడగండి. కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయా, బర్నర్ వెలుగుతోందా, బ్యూరెట్లు తడిగా ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా చూడండి. "ఇప్పుడు తాళం లేదు, అటెండర్ సెలవులో ఉన్నాడు" అంటే మర్నాడు మళ్లీ వెళ్లండి. మర్నాడూ అదే మాట అంటే ఇంకో కాలేజీ చూసుకోండి.